చదివింది పది రోజులకే జారిపోతోంది: బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ కొనాలా, వేరే దారి ఉందా?

కందుకూరు_గ్రూప్2

అందరికీ నమస్తే. గ్రూప్ 2కి చదువుతున్నా, రోజుకు 5 గంటలు దొరుకుతాయి. పాలిటీ (రాజ్యాంగం, పాలన), ఏపీ చరిత్ర చదివిన రోజు అంతా బాగానే ఉంటుంది. పది రోజులు పోయాక పాత ప్రశ్నపత్రం ముందేసుకుంటే 5వ షెడ్యూలు ఏదో 6వ షెడ్యూలు ఏదో తెలీదు. 1952, 53, 56 ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. లైన్ల కింద గీతలు గీసి మూడుసార్లు చదివినా అంతే.

మూడు సంగతులు అడగాలి. ఫోన్‌లో ఆడే బ్రెయిన్ ట్రైనింగ్ ఆటలు, ఏ గడి వెలిగిందో గుర్తుపెట్టుకునే ఎన్-బ్యాక్ లాంటివి రోజూ అరగంట ఆడితే జ్ఞాపకశక్తి నిజంగా పెరుగుతుందా? మెమరీ ప్యాలెస్ అంటారే, అది మన పరీక్షలకు పనికొస్తుందా, తెలుగు మీడియం వాళ్లు ఎట్టా కట్టుకోవాలి? వేగంగా చదవడం నేర్పే కోర్సుకు డబ్బు పెట్టొచ్చా?

ఇంకోటి. మా అక్క కూతురు పదో తరగతి. పద్యం అప్పజెప్పేటప్పుడు రెండో పాదం దాటగానే ఆగిపోతుంది. దానికీ ఏదైనా ఉంటే చెప్పండి.

కార్డుపెట్టె

తమ్ముడూ, ముందు ఆటల సంగతి తేల్చేద్దాం, డబ్బన్నా మిగులుతుంది.

ఆట ఆడితే ఆ ఆట బాగా వస్తుంది. అంతవరకే. దీనికి అన్నిటికంటే తేటగా కనిపించే రుజువు 1980లో అచ్చయింది. అమెరికాలో ఎరిక్సన్, చేజ్ అనే పరిశోధకులు ఒక కాలేజీ విద్యార్థికి సెకనుకు ఒక అంకె చొప్పున చదివి, తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అందరిలాగే 7 అంకెలు చెప్పాడు. 230 గంటల పైచిలుకు సాధన చేశాక 79 అంకెలు చెప్పాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇచ్చారు. మళ్లీ 6 దగ్గరే ఆగిపోయాడు. అతను పరుగు పందేల మనిషి కాబట్టి మూడు నాలుగు అంకెలు కలిపి ఒక పరుగు టైముగా మార్చుకుని దాచుకున్నాడు, ఆ ఉపాయం అక్షరాలకు పనికిరాలేదు. అంటే పెరిగింది గిన్నె కాదు, గిన్నెలో సర్దే తీరు. ఎన్-బ్యాక్ మీద 2008లో వచ్చిన పరిశోధన తెలివితేటలే పెరుగుతాయన్నట్టు చెప్పింది గానీ, తరవాత గట్టిగా కొలిచినవాళ్లకు ఆ లాభం కనపడలేదు. లుమోసిటీ యాప్ కంపెనీ ఇలాంటి ప్రకటనలకు ఆధారాలు లేవన్న కేసులో 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 20 లక్షల డాలర్లు కట్టింది. ఆ అరగంట నీ పాలిటీకే పెట్టుకో.

ఇక నీ అసలు జబ్బు. మూడుసార్లు చదవడం, గీతలు గీయడం. చూసిన పేజీ మళ్లీ చూస్తే కన్ను గుర్తుపడుతుంది. గుర్తుపట్టడాన్ని నువ్వు 'వచ్చింది' అనుకుంటున్నావు. పరీక్ష హాల్లో పేజీ ఉండదు, లోపల్నుంచి తోడుకోవాలి. తోడటం వేరే పని, దాన్ని విడిగా సాధన చేయాలి. రోడిగర్, కార్పికి 2006లో దీన్ని కొలిచారు. ఒక గుంపు పాఠం రెండుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నంతా రాసింది. 5 నిమిషాల తరవాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తరవాత చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. నువ్వు చదివిన రోజు బాగుండి పదో రోజుకు జారిపోవడం అచ్చం ఇదే.

చేయాల్సింది ఇది. 35, 40 నిమిషాలు చదువు. పుస్తకం మూసి, ఫోన్ వేరే గదిలో పెట్టి, తెల్లకాగితం మీద 10 నిమిషాలు గుర్తున్నంతా రాయి. వాక్యాలు అక్కర్లేదు, మాటలు, నంబర్లు, బాణం గుర్తులు చాలు. రాకపోతే వెంటనే పుస్తకం తెరవొద్దు, కనీసం ఒక నిమిషం గింజుకో. ఆ గింజుకోవడంలోనే పని జరుగుతుంది. తరవాత పుస్తకం తెరిచి, రానివి మాత్రం ఎర్ర పెన్నుతో రాసుకో. ఆ ఎర్ర అక్షరాలే రేపటి కార్డులు: ఒక పక్క ప్రశ్న, వెనక జవాబు. మొదటి వారం కాగితం సగం ఖాళీగా ఉండి గుండె జారుతుంది. పద్ధతి పనిచేయట్లేదని చాలామంది అక్కడే వదిలేస్తారు.

కార్డుల పద్ధతి జర్మన్ పత్రికా రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పింది. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని అట్టముక్కలతో 5 గదులు చెయ్. ఏ4 కాగితాన్ని 8 ముక్కలు చేస్తే కార్డు సైజు సరిపోతుంది, కాస్త మందం కాగితమైతే వెనక జవాబు కనపడదు. మొదటి గది రోజూ, రెండోది 2 రోజులకోసారి, మూడోది 4 రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది రెండు మూడు వారాలకు. జవాబు చెప్పగలిగితే కార్డు పై గదికి, తప్పితే ఎంత దూరం వెళ్లినా మళ్లీ మొదటి గదికి. ఫోనే కావాలంటే ఆంకీ అనే యాప్ ఇదే పని చేస్తుంది, తేదీలు అదే లెక్కేస్తుంది.

కార్డు పాడయ్యేది రాసే దగ్గరే. '42వ సవరణ గురించి రాయండి' అని రాస్తే అది కార్డు కాదు, వ్యాసం. ఒక్కో కార్డుకు ఒక్కటే జవాబు ఉండాలి: 'ప్రాథమిక విధులు ఏ సవరణతో చేరాయి?' 42. 'ఆ సవరణ ఏ సంవత్సరం?' 1976. '11వ విధి ఏ సవరణతో వచ్చింది?' 86, 2002లో. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు రాయొద్దు, సగం మార్కులు అదృష్టానివే. కొత్త కార్డులు రోజుకు 15, 20 దాటనీయకు. రెండు మూడు వారాలకు పాతవి పేరుకుని రోజుకు 150 చూడాల్సి వస్తుంది. పండగో పెళ్లో వచ్చి నాలుగు రోజులు తప్పితే కొత్తవి పూర్తిగా ఆపి, కింది గదుల నుంచి మొదలుపెట్టి తీర్చుకుంటూ రా. ఒక్కరోజులో 500 చూసేద్దామని కూర్చున్నవాళ్లు పెట్టె అటకెక్కిస్తారు.

బిట్రగుంట_షెడ్డు

కార్డుపెట్టె గారి మాటకు అడ్డు లేదు. ప్యాలెస్ గురించి నేను చెప్తా.

ప్యాలెస్ అంటే రాజభవనం ఏమీ అక్కర్లేదబ్బా. వరస తప్పని చోట్లు, ఒక్కో చోట ఒక్కో బొమ్మ. 2003లో మగ్వైర్ బృందం జ్ఞాపకశక్తి పోటీల్లో గెలిచినవాళ్లను పరీక్షించింది. తెలివితేటల్లో మామూలు మనుషులకూ వాళ్లకూ తేడా లేదు, మెదడు ఆకారంలోనూ తేడా కనపడలేదు. వాళ్లలో దాదాపు అందరూ వాడేది ఈ చోట్ల పద్ధతే. 2017లో మామూలు మనుషులకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు ఇదే నేర్పితే, 72 మాటల పట్టికలో 26 నుంచి 30 దాకా గుర్తుంచుకునేవాళ్లు 60 దాటారు.

నువ్వు కందుకూరు అంటున్నావు, మన రైలు దారి నీకు తెలిసే ఉంటుంది. నెల్లూరు నుంచి చీరాల దాకా పట్టాలు ఎవరూ మార్చరు, వరస తప్పే మాటే లేదు. రాజ్యాంగం షెడ్యూళ్లు 12. ఎక్కిద్దాం పద.

నెల్లూరు స్టేషన్, 1: గోడ మీద టైముల బోర్డు బదులు దేశం పటం, రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఒకటో షెడ్యూలు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు.

పెన్న వంతెన, 2: కింద నీళ్లలో జీతాల కవర్లు కొట్టుకుపోతున్నాయి, రాష్ట్రపతి, గవర్నర్లు, జడ్జిలు వంగి ఏరుకుంటున్నారు. జీతభత్యాలు.

పడుగుపాడు, 3: పేరులోనే పడుగు ఉంది. మంత్రి చేతికి పడుగు నూలుతో కంకణం కడుతున్నారు, కంకణం కట్టుకున్నాడంటే మాట ఇచ్చినట్టే. ప్రమాణాలు.

బిట్రగుంట, 4: పాత షెడ్డులోంచి ఆవిరి ఇంజను వస్తోంది, లోపల బొగ్గు బదులు ఎర్ర తివాచీ, ఎర్ర సీట్లు. రాజ్యసభ సీట్ల పంపకం.

కావలి, 5: గిరిజన భూములకు ఒకడు కర్ర పట్టుకుని కావలి కాస్తున్నాడు. షెడ్యూల్డ్ ప్రాంతాలు.

ఉలవపాడు, 6: ప్లాట్‌ఫాం మీద సరిగ్గా 4 మామిడి బుట్టలు, వాటి మీద అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం అని చీటీలు. ఈశాన్యంలోని గిరిజన ప్రాంతాలు. నీకు 5, 6 కలిసిపోతున్నాయన్నావు కదా. కావలివాడికి బుట్టలు ఉండవు, బుట్టల దగ్గర కావలి ఉండడు. ఇక కలవవు.

సింగరాయకొండ, 7: నరసింహస్వామి ఒళ్లో మూడు పద్దు పుస్తకాలు. కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు.

టంగుటూరు, 8: పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కర్రకు 22 ఆకులు వేలాడుతున్నాయి, ఒక్కో ఆకు మీద ఒక్కో లిపి. భాషలు.

ఒంగోలు, 9: గిత్త పెద్ద ఆసామి పొలం గట్టు తొక్కేసి రెండు ముక్కలు చేస్తోంది. భూసంస్కరణల చట్టాలు.

చినగంజాం, 10: ఉప్పు కొటారు. గుప్పెడు ఉప్పు తిని పక్కింటికి పారిపోతున్నాడు ఎమ్మెల్యే. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం, ఫిరాయింపుల చట్టం.

వేటపాలెం, 11: రచ్చబండ మీద పంచాయతీ జరుగుతోంది.

చీరాల, 12: మునిసిపాలిటీలు. ఇక్కడ బొమ్మ కల్పించనక్కర్లేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన చీరాల పేరాల ఉద్యమం మొదలైందే మునిసిపాలిటీ వద్దని. ఏపీ చరిత్ర ప్రశ్న కూడా ఇదే స్టేషన్‌లో ఎక్కేసింది.

ఒకసారి చదివి వదిలేస్తే ఇది కథగా మిగిలిపోతుంది. కళ్లు మూసుకుని నెల్లూరు నుంచి చీరాలకు, వెంటనే చీరాల నుంచి నెల్లూరుకు రా. ఒక్కో స్టేషన్‌లో 5 సెకన్లు నిలబడు. తరవాత మధ్యలోంచి అడిగించుకో: '8 ఏంది?' టంగుటూరు తటాలున రావాలి. 1 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్నావంటే స్టేషన్ నంబర్లు ఇంకా గట్టిపడలేదు. 5 కావలి, 9 ఒంగోలు, 12 చీరాల, ముందు ఈ మూడు పాతేసుకో. మిగిలినవి వాటికి అటూ ఇటూ ఒకటి రెండు అడుగుల్లో దొరుకుతాయి.

చెడిపోయేది ఎక్కడంటే, స్టేషన్లన్నీ ఒకే తీరు: బెంచీ, పంపు, టీ స్టాలు. బొమ్మను బెంచీ మీద కూర్చోబెట్టావా, ఏ ఊరి బెంచీనో తెలీదు. అందుకే ఆ ఊరికే ఉన్న వస్తువుకు కట్టాను. కదలని బొమ్మ కూడా నిలవదు. ఆకులు ఊరికే వేలాడితే చాలదు, పొగాకు ఘాటు ముక్కుకు తగలాలి.

కందుకూరు_గ్రూప్2

అన్నా, రెండుసార్లు అటూ ఇటూ తిరిగా. 12 వచ్చేశాయి, వెనక నుంచి కూడా. సందేహం ఏందంటే, ఇదే దారి మీద రేపు ప్రాథమిక విధులు పెడితే ఉప్పు కొటారు దగ్గర ఎమ్మెల్యే ఉంటాడా, విధి ఉంటుందా? ఇంకా సవరణల నంబర్లు, సంవత్సరాలు ఎక్కడ తగిలించాలి?

బిట్రగుంట_షెడ్డు

నిలవ ఉంచుకోవాల్సిన సరుకుకు ఒక దారి ఒక్కదానికే. షెడ్యూళ్లు ఈ రైల్లోనే ఉండనీ. విధులు 11, వాటికి మీ ఇల్లు వాడు: వీధి గేటు, చెప్పుల స్టాండు, ముందు గది టీవీ, వంటింటి పొయ్యి, ఇట్టా 11. రోజువారీ సాధనకు మాత్రం ఇంకో దారి విడిగా పెట్టుకుని, రోజు విడిచి రోజు వాడు. ఒకే రోజు రెండు పట్టికలు ఒకే దారిలో పెడితే పాత బొమ్మలు దయ్యాల్లా అడ్డం వస్తాయి. సంవత్సరాల సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

ఇంకో హెచ్చరిక. పాఠం అర్థం కాని చోట ప్యాలెస్ కట్టొద్దు. ద్రవ్యోల్బణం ఎందుకు పెరుగుతుందో బొమ్మలతో రాదు, దాన్ని ఎవరికైనా నోటితో వివరించి చెప్పగలిగితేనే వచ్చినట్టు. వరస ఉన్న పట్టికలకే ఇది.

మేళకర్త

సంవత్సరాలకు ఊళ్లు అక్కర్లేదండీ, అక్షరాలు చాలు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు చిన్నప్పుడే చెప్పే కటపయాది ఉంది కదా. 72 మేళకర్త రాగాల నంబర్లు వాటి పేర్లలోనే దాచిపెట్టారు.

క ఖ గ ఘ ఙ చ ఛ జ ఝ వరసగా 1 నుంచి 9, ఞ సున్న. ట ఠ డ ఢ ణ త థ ద ధ మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప ఫ బ భ మ 1 నుంచి 5. య ర ల వ శ ష స హ 1 నుంచి 8. మాట మొదట్లో ఒంటిగా వచ్చే అచ్చు సున్న. గుణింతాన్ని పట్టించుకోవద్దు, క అయినా కో అయినా 1. సున్నాను, అంటే అనుస్వారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మాటలో మొదటి రెండు అక్షరాలు తీసుకుని కుడి నుంచి ఎడమకు చదవాలి. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిప్పితే 29వ మేళం. ఖరహరప్రియ 22. మాయామాళవగౌళ: మ 5, య 1, 15.

ఇప్పుడు మీ సంవత్సరాలు. ముందున్న 19 ఎలాగూ తెలుసు, చివరి రెండంకెలకు మాట కట్టండి. 1947: స 7, వ 4, 'సేవ'. 1950, రాజ్యాంగం అమలు: 'ఆశ', అచ్చు సున్న, శ 5. 1952 డిసెంబర్ 15, పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం: ఆయన పేరులోనే ఉంది, 'రాము', ర 2, మ 5, తిప్పితే 52. ఆంధ్ర రాష్ట్రం 1953: 'బాణం', బ 3, ణ 5. దీక్ష విల్లు, రాష్ట్రం బాణం అనుకోండి. ఆంధ్రప్రదేశ్ 1956: 'చీమ', చ 6, మ 5; తెలంగాణ, ఆంధ్ర చీమలు ఒకే పుట్టలోకి. మీ వైపు ప్రకాశం జిల్లా ముందు ఒంగోలు జిల్లాగా 1970లో ఏర్పడింది, 'నస'. 1972లో ప్రకాశం పేరు పెట్టారు, 'రసం'. చాలాకాలం నస పెట్టి చివరికి రసం పోశారని గుర్తుపెట్టుకోండి.

సవరణలకూ ఇదే. 73వది పంచాయతీలకు: పల్లె 'గోస'. 74వది మునిసిపాలిటీలకు: 'వస', పిల్లలకు మాటలు రావడానికి అరగదీసి నాకిస్తారే, అది. 42వది: 'రవి'. 52వది ఫిరాయింపుల మీద, 1985లో. 52 అంటే మళ్లీ రామ! ఆయా రామ్, గయా రామ్ అని దేశమంతా అన్నది ఈ ఫిరాయింపుదారులనే. చినగంజాంలో ఉప్పు తిని పరిగెత్తే ఎమ్మెల్యేకు రామయ్య అని పేరు పెట్టేయండి, 10వ షెడ్యూలు, 52వ సవరణ ఒకే బొమ్మలో కూర్చుంటాయి.

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి నడవండి. ఒకే మాట రెండు విషయాలకు వచ్చింది, శ్రీరాములు గారి 52, సవరణ 52. మాటను ఒంటరిగా గుర్తుపెట్టుకుంటే కొట్టుకుంటాయి. మాట ఎప్పుడూ మనిషితోనో చోటుతోనో కలిపి ఉండాలి. రెండోది, ఒత్తక్షరాలున్న మాటలు మొదట్లో వాడకండి. శాస్త్రం ప్రకారం జంటలో చివరి హల్లుకే విలువ. కానీ చక్రవాకం 16వ మేళం, అక్కడ క్రలో కకారాన్నే తీసుకున్నారు. ఇలాంటివి తికమక పెడతాయి. అక్షరాల పట్టిక నోటికి రావడానికి రోజూ 10 నిమిషాలు చాలు. వీధిలో కనిపించే బండి నంబర్లను మాటలుగా మార్చుకుంటూ నడవండి.

అద్దంకి_వాసి

రైలూ రాగాలూ బాగున్నాయి గానీ, కుర్రాడు దారి తప్పకుండా ఒక మాట. గ్రూప్ 2 సిలబస్‌లో ఇలాంటి పట్టికలు ఉన్నవి కొన్నే, మిగతాదంతా అర్థం చేసుకుని చదవాల్సింది. బొమ్మలు కట్టడం సరదాగా ఉంటుంది కాబట్టి జనం రోజుకు రెండు గంటలు దాంట్లోనే కూర్చుంటారు. రోజుకు 20 నిమిషాలకు మించనీయొద్దు. పైగా బొమ్మ కూడా మరుపుకు లోబడేదే. షెడ్యూళ్ల రైలును కూడా కార్డుగా రాసి పెట్టెలో వెయ్యాలి, లేదంటే నెలకు టంగుటూరు ఆకులు రాలిపోతాయి.

మరుపు ఎంత తొందరగా వస్తుందో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే కొలిచి చూపించాడు. అర్థంలేని అక్షరాలు నేర్చుకుని, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ మిగిలిందో లెక్కవేశాడు. గంటకే సగానికి పైగా పోయింది, ఒక రోజుకు మూడో వంతు మిగిలింది, నెలకు ఐదో వంతు. గమనించాల్సింది ఏందంటే, పడిపోవడమంతా మొదట్లోనే. అందుకే మొదటి తోడిక అదే రోజు, రెండోది మర్నాడు తప్పనిసరి. ఆ తరవాత ఎడం పెంచుకుంటూ పోవచ్చు. పరీక్ష వారంలో ఉంటే ఒక రోజు ఎడం బాగా పనిచేస్తుంది, ఏడాది దూరంలో ఉంటే సుమారు మూడు వారాలు.

యతిప్రాస

పాప పద్యం గురించి ఎవరూ ఎత్తుకోలేదు, నేను చెప్తానండీ.

పిల్లలు పద్యం ఆపేది ఎక్కువగా పాదం మధ్యలో కాదు, అతుకు దగ్గర. ఒక్కో పాదాన్ని ముక్కగా బట్టీ పట్టిస్తాం, రెండో పాదం చివరి మాటకూ మూడో పాదం మొదటి మాటకూ మధ్య ముడి వేయం. ముడి ఇలా వేయించండి: రెండో పాదంలో చివరి రెండు మాటలు, మూడో పాదంలో మొదటి రెండు మాటలు, ఈ నాలుగూ కలిపి పదిసార్లు. అంతే, మిగతా పాదం జోలికి వెళ్లొద్దు. వేదపాఠశాలల్లో క్రమపాఠం ఈ సూత్రం మీదే నడుస్తుంది: ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు. ప్రతి మాటనూ ముందుమాటతోనూ వెనకమాటతోనూ ముడివేస్తారు. జట పాఠంలో ముందుకూ వెనక్కూ తిప్పుతారు, ఘన పాఠంలో ఇంకా మెలి. కాగితం లేకుండా అన్ని తరాలు ఒక్క స్వరం తప్పకుండా వచ్చిందంటే ఆ ముడుల పుణ్యమే.

రెండో ఉపాయం, నాలుగో పాదం నుంచి మొదలుపెట్టి నేర్పండి. నాలుగు, తరవాత మూడు నాలుగు, తరవాత రెండు మూడు నాలుగు. అప్పజెప్పేటప్పుడు పాప తెలియని దాంట్లోంచి తెలిసినదాంట్లోకి వెళ్తుంది, ధైర్యం పెరుగుతూ పోతుంది. మొదటి పాదం నుంచి నేర్పితే అది వందసార్లు వస్తుంది, నాలుగోది పదిసార్లే వస్తుంది.

మూడోది ఛందస్సు. దాన్ని మార్కుల కోసం విడిగా చదివిస్తున్నారు గానీ అది జ్ఞాపకానికి వేసిన మేకు. ఉత్పలమాల లాంటి వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు, అదే ప్రాస. మూడో పాదం మొదలు మరిచిపోతే, 'రెండో అక్షరం ద' అని తెలిస్తే చాలు, సగం మాట నోట్లోకి వచ్చేస్తుంది. యతి ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14. పాదం మొదటి అక్షరమో, దానితో మైత్రి ఉన్న అక్షరమో అక్కడ మళ్లీ పలుకుతుంది కాబట్టి పాదం సగంలో తప్పిపోతే చేయిపట్టి లాక్కొస్తుంది. పద్యం చూసిరాసేటప్పుడు ప్రాసాక్షరానికి ఎరుపు, యతికి నీలం గుండ్రంగా చుట్టమనండి. అర్థం తెలియకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టొద్దు. తిక్కన గారి పద్యమైతే ఎవరు ఎవరితో ఏ కోపంలో అంటున్నారో ముందు తెలియాలి, అప్పుడు మాటలు ఆ కోపం వెంట వస్తాయి.

గ్రూప్ 2 అబ్బాయికీ పనికొచ్చే సంగతి ఒకటి. అష్టావధానంలో అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడని అనుకుంటారు. కాదు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఒక్కోదానికి ఆవృత్తానికి, అంటే చుట్టుకు, ఒక పాదం చొప్పున చెప్పుకుంటూ వెళ్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి చెదరగొడతాడు, గంట మోగుతుంది. చుట్టు తిరిగి మళ్లీ ఆ పృచ్ఛకుడి (ప్రశ్న అడిగినవాడి) దగ్గరకు వచ్చినప్పుడు రెండో పాదం కట్టాలంటే మొదటి పాదాన్ని తోడుకోక తప్పదు. నాలుగు ఆవృత్తాలు అయ్యేసరికి ప్రతి పద్యాన్నీ ఎడం ఇచ్చి ఇచ్చి మూడుసార్లు తోడుకున్నట్టే, చివర్లో పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణ దానికి కొనసాగింపు. పైన కార్డుపెట్టె గారు, అద్దంకి వారు చెప్పిన ఎడం, తోడిక అవధాన వేదిక మీద ఎప్పటినుంచో ఉన్నాయి.

కందుకూరు_గ్రూప్2

పాప చేత ముడులు ఈ రాత్రే వేయిస్తా యతిప్రాస గారూ. వేగంగా చదివే కోర్సు సంగతి మిగిలిపోయింది. ఇంకా ఇవన్నీ 5 గంటల్లో ఎట్టా సర్దాలి?

కార్డుపెట్టె

కోర్సు వద్దు. కన్ను వేగంగా జరపడం నేర్పిస్తారు. కన్ను జరిగినంత మాత్రాన అర్థం వెంట రాదు, వేగం పెరిగిన కొద్దీ పట్టుకునేది తగ్గుతుంది. ఈ విషయం మీద 2016లో రేనర్ బృందం పాత పరిశోధనలన్నీ జల్లెడపట్టి ఇదే తేల్చింది. ఒక మనిషి పాలిటీ పేజీ నిమిషంలో చదివాడంటే అందులో ముప్పాతిక ముందే తెలుసన్నమాట. నీకు వేగం కావాలంటే పాఠం తెరవకముందు దాని మీద పాత ప్రశ్నలు 5 తీసుకుని ఊహించి జవాబు రాయి. తప్పులు పోనీ. ఆ తరవాత చదువుతుంటే ఆ అయిదు జవాబులు కంటికి ఎదురొస్తాయి, ఎక్కడ ఆగాలో ఎక్కడ దాటాలో తెలుస్తుంది.

సర్దుబాటు: లేవగానే 40 నిమిషాలు కార్డులు, అప్పుడు పాతవే. తరవాత కొత్త పాఠం రెండు విడతలు, ఒక్కోదానికి చదువు 40, తెల్లకాగితం 10, ఎర్ర పెన్ను 10. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎండాకాలంలో పాఠం పెట్టుకోవద్దు, 20 నిమిషాలు కునుకు తీసి లెక్కలు, రీజనింగ్ చెయ్, గంట. అందులో శాతాలు 20 వరసగా చేయడం కంటే శాతాలు, కాలం-దూరం, భాగస్వామ్యం కలిపేసి చెయ్. ఏ లెక్కకు ఏ పద్ధతో ఎంచుకోవడమే పరీక్షలో అసలు పని, ఒకే రకం వరసగా చేస్తే ఆ ఎంపిక ఎప్పుడూ చేయవు. రాత్రి మూడో పాఠం 40 నిమిషాలు, దాని తెల్లకాగితం, కొత్త కార్డులు రాయడం, బొమ్మలకు 20 నిమిషాలు. 5 గంటలు సరిపోయాయి.

నిద్ర 7 గంటల కంటే తగ్గించి ఇంకో పాఠం ఎక్కిద్దామనుకోకు. పగలు పెట్టినది గట్టిపడేది రాత్రి నిద్రలోనే. టీ సాయంత్రం 4 తరవాత మానేయ్, అందులో ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికే 5, 6 గంటలు పడుతుంది.

రేపు పొద్దున నీ మొదటి కార్డు: 'ఉలవపాడులో ఎన్ని బుట్టలు, వాటి మీద ఏం రాసి ఉంది?'

కందుకూరు_గ్రూప్2

నాలుగు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం. చెప్పుల పెట్టె దొరికింది అన్నా, అట్టలు కోస్తున్నా.